తాళం తిప్పినా పాత స్ప్లెండర్ పలకడం లేదా? సీడీఐ మార్చే ముందు ఇది చూడండి

మా నాన్న 2002లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ఇంకా ఇంట్లోనే ఉంది, రోజూ తిరుగుతూనే ఉంది. రెండేళ్ల కింద ఒక వానాకాలం పొద్దున్నే మొరాయించింది. కిక్కు కొట్టీ కొట్టీ కాలు పీక్కుపోయింది గానీ అది ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు. దగ్గర్లో మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే ముందు ప్లగ్గు మార్చాడు, తర్వాత సీడీఐ (స్పార్క్ కోసం సరైన క్షణంలో కరెంటు వదిలే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా) మార్చాడు, మర్నాడు ఇగ్నిషన్ కాయిల్ కూడా మార్చాడు. బండి స్టార్టయింది, అందరం సంతోషించాం. నాలుగు రోజులకి మళ్లీ వాన, మళ్లీ అదే గోల. చివరికి మా వీధి చివర బ్యాటరీల షాపు పెద్దాయన వచ్చి హెడ్‌లైట్ విప్పి, లోపల ఒక సాకెట్ ఊడదీసి, "ఇప్పుడు కొట్టు బాబూ" అన్నాడు. ఒక్క కిక్కు, అంతే. పాడైంది ఇగ్నిషన్ స్విచ్చి, అంటే మనం తాళం పెట్టి తిప్పేది. నేను డబ్బులు పోసి మార్పించిన మూడు సామాన్లూ శుభ్రంగా ఉన్నవే.

ఆయన చేసింది మంత్రం కాదు. ఆ బండి లోపల తాళం ఏం పని చేస్తుందో తెలిస్తే ఎవరైనా చేయొచ్చు. కాబట్టి ముందు అది చెప్తాను, ఎందుకంటే అది అర్థం కాకుండా స్పానర్ పట్టుకుంటే మీరూ నాలాగే సామాన్లు మార్చుకుంటూ పోతారు.

తాళం తిప్పితే బ్యాటరీ నుంచి కరెంటు ప్లగ్గుకి వెళ్తుందని చాలామంది అనుకుంటారు. కార్లలో, పల్సర్ లాంటి డీసీ సీడీఐ బండ్లలో అది నిజమే. పాత స్ప్లెండర్, పాత ప్యాషన్ లాంటి వాటిలో మాత్రం వ్యవహారం తలకిందులు. మీరు కిక్కు కొట్టగానే ఇంజిన్ పక్కన మాగ్నెట్ తిరుగుతుంది, దాని దగ్గరున్న కాయిల్‌లో కరెంటు పుడుతుంది, అది సీడీఐకి, అక్కణ్నుంచి ట్యాంకు కింద ఇగ్నిషన్ కాయిల్‌కి, చివరికి ప్లగ్గుకి చేరుతుంది. ఈ దారిలో బ్యాటరీ ఎక్కడా లేదు. బ్యాటరీ పూర్తిగా తీసేసినా బండి స్టార్టవుతుంది, నమ్మకపోతే చేసి చూడండి. మరి తాళం ఏం చేస్తుంది? ఆఫ్‌లో ఉన్నప్పుడు సీడీఐ నుంచి వచ్చే నలుపు మీద తెలుపు గీత ఉన్న వైరుని పచ్చ వైరుకి, అంటే బాడీ ఎర్త్‌కి, కలిపేస్తుంది. పుట్టిన కరెంటంతా ఎర్త్‌కి పోతుంది, ప్లగ్గుకి ఏమీ మిగలదు. ఆన్ చేస్తే ఆ రెంటినీ విడదీస్తుంది. అంటే ఈ బండిలో తాళం ఇంజిన్‌కి కరెంటు ఇచ్చేది కాదు, రాకుండా ఆపేది మాత్రమే.

దాంతోపాటే ఇంకో పని కూడా ఉంది. ఆన్ చేసినప్పుడు బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరుని నల్ల వైరుకి కలుపుతుంది. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు, మీటర్లో పచ్చగా వెలిగే న్యూట్రల్ లైటు ఆ నల్ల వైరు మీదే బతుకుతాయి. హెడ్‌లైట్ సంగతి వేరు, పాత మోడళ్లలో అది మాగ్నెట్ నుంచి హ్యాండిల్ స్విచ్చి మీదుగా వస్తుంది, తాళంతో పని లేదు. మొత్తానికి ఒకే డబ్బాలో రెండు స్విచ్చులు ఉన్నట్టు లెక్క. ఒకటి పాడై రెండోది బాగుండొచ్చు, మనల్ని తికమక పెట్టేది అదే. "న్యూట్రల్ లైటు వస్తోంది కదా, స్విచ్చి బాగానే ఉంది" అని మా మెకానిక్ అన్నది అందుకే తప్పు.

ఇక లక్షణాలు చూస్తే ఏ సగం పాడైందో మీకే తెలిసిపోతుంది. తాళం ఆఫ్ చేసినా ఇంజిన్ ఆగకుండా నడుస్తూనే ఉంటే, నలుపు తెలుపు వైరు ఎర్త్‌ని తాకడం లేదు. స్విచ్చిలో కాంటాక్ట్ అరిగింది లేదా ఆ వైరు తెగింది. ఎంత కిక్కు కొట్టినా స్పార్క్ లేకపోయినా, వాన పడ్డ మర్నాడు మాత్రమే మొరాయిస్తున్నా, గుంతలో పడగానే ఇంజిన్ టక్కున ఆగి మళ్లీ అందుకుంటున్నా, నలుపు తెలుపు వైరూ ఎర్తూ లోపల ఎక్కడో తాకుతున్నాయి. ఇంజిన్ బాగానే నడుస్తూ హారన్ పిల్లి కూసినట్టు కూస్తుంటే, ఇండికేటర్ వెలిగి ఆరకుండా ఉండిపోతుంటే, తాళాన్ని కాస్త అటూ ఇటూ కదిపితేనే న్యూట్రల్ లైటు వస్తుంటే ఎర్ర-నల్ల సగం పోయింది. ఈ చివరి దాంట్లో బ్యాటరీ డౌనయినా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి తొందరపడొద్దు. ఆన్‌లో ఉండగానే తాళం చెవి చేతిలోకి ఊడొస్తోందంటే అది కరెంటు సమస్య కాదు, లోపల లాక్ అరిగిపోయింది, దానికి మొత్తం మార్చాల్సిందే.

ఇది కార్బ్యురేటర్ ఉన్న పాత బండ్ల సంగతి. 2020లో బీఎస్ 6తో వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకి ఈ లెక్కలేవీ పనికిరావు, వాటిలో వైర్లు ఊడదీసి ప్రయోగాలు చేయకండి.

అసలు పరీక్ష

ముందుగా స్పార్క్ ఉందో లేదో చూడాలి. ట్యాంకులో పెట్రోల్ ఉందా, ట్యాప్ తెరిచి ఉందా అన్నవి కూడా చూసుకోండి, నవ్వొద్దు, నేను ఒకసారి అరగంట కొట్టుకున్నాను. ప్లగ్గు విప్పి, క్యాప్ తగిలించి, ప్లగ్గు లోహం భాగాన్ని ఇంజిన్ హెడ్‌కి గట్టిగా ఆనించి, తాళం ఆన్ చేసి కిక్కు కొట్టండి. క్యాప్ మీద పట్టుకోవాలి, లోహాన్ని ముట్టుకుంటే షాక్ గట్టిగా కొడుతుంది. ప్లగ్గుని గాల్లో వదిలేసి కొట్టొద్దు, సీడీఐకీ కాయిల్‌కీ మంచిది కాదు. కార్బ్యురేటర్ దగ్గర పెట్రోల్ కారుతుంటే ఈ పని అసలు పెట్టుకోకండి. నీలంగా టిక్ టిక్ మని స్పార్క్ వస్తుంటే మీ సమస్య ఇగ్నిషన్ కాదు, పెట్రోల్ వైపు చూసుకోండి.

స్పార్క్ లేకపోతే పెద్దాయన చేసిన పనే. హెడ్‌లైట్ రెండు పక్కలా ఉన్న స్క్రూలో బోల్టులో విప్పి హెడ్‌లైట్‌ని ముందుకి వంచండి, ఊడిపడకుండా ఒక చేత్తో పట్టుకోండి, అది వైర్ల మీద వేలాడకూడదు. లోపల వైర్ల చిక్కు చూసి కంగారు పడొద్దు. తాళం కింద నుంచి బయల్దేరిన వైర్ల గుత్తిని వేలితో వెంబడించుకుంటూ వెళ్తే ఒక సాకెట్ దగ్గరికి చేరతారు. అందులో ఎరుపు, నలుపు, పచ్చ, నలుపు మీద తెలుపు గీత, ఈ నాలుగు ఉంటాయి. ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకుని, వైర్లు పట్టుకుని లాగకుండా ప్లాస్టిక్ గొళ్లెం నొక్కి సాకెట్ విడదీయండి. ఇప్పుడు మళ్లీ ప్లగ్గు ఆనించి కిక్కు కొట్టండి. స్పార్క్ వచ్చిందంటే దొంగ దొరికినట్టే. రాలేదంటే స్విచ్చి నిర్దోషి కావచ్చు, కానీ ఒక్క అనుమానం మిగిలి ఉంది: ఆ నలుపు తెలుపు వైరు హెడ్‌లైట్ నుంచి సీడీఐ దాకా వెళ్లే దారిలో ఎక్కడైనా ఒరుసుకుని ఫ్రేముకి తాకుతుండొచ్చు. సీడీఐ దగ్గర ఆ ఒక్క వైరుని విడదీసి మళ్లీ కొట్టి చూడండి. అప్పుడూ రాకపోతే ప్లగ్గు, క్యాప్, కాయిల్, సీడీఐ, మాగ్నెట్ కాయిల్స్, వరసగా ఆ దారి పట్టాలి. నా బండికి మా మెకానిక్ మొదటిరోజే ఆ చివర నుంచి మొదలుపెట్టాడు.

(తాళం లేకుండా ఒక సాకెట్ ఊడదీస్తే స్టార్టయిపోతుందా అని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. అవును, అవుతుంది. పాత బండికి హ్యాండిల్ లాక్ వేయడం మానకండి, వీలైతే చక్రానికి ఒక గొలుసు కూడా వేయండి.)

కరెంటు కొలిచే మల్టీమీటర్ ఉంటే పని ఇంకా ఖాయంగా తేలుతుంది. దాన్ని బీప్ కొట్టే చోట పెట్టి, విడదీసిన సాకెట్‌లో స్విచ్చి వైపు ఉన్న కాళ్ల మీద పెట్టండి. తాళం ఆఫ్‌లో ఉంటే నలుపు తెలుపుకీ పచ్చకీ మధ్య బీప్ రావాలి, ఎరుపుకీ నలుపుకీ రాకూడదు. ఆన్ చేస్తే సరిగ్గా తిరగబడాలి. రెండు చోట్లా పదిసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ, తాళాన్ని కాస్త కదుపుతూ చూడండి, ఎందుకంటే సగం చచ్చిన స్విచ్చి ఒక్కసారి చూస్తే బాగానే ఉన్నట్టు నటిస్తుంది.

హారన్, ఇండికేటర్ల సమస్యయితే సాకెట్ తిరిగి కలిపి మీటర్‌ని 20 వోల్టుల డీసీకి తిప్పండి. నల్ల పిన్ను ఫ్రేములో రంగు లేని బోల్టుకి, ఎర్ర పిన్ను సాకెట్ వెనకనుంచి ఎర్ర వైరుకి. తాళం ఆఫ్‌లో ఉన్నా 12కి పైనే చూపించాలి. ఏమీ లేకపోతే ఫ్యూజ్ చూడండి. ఉంటే తాళం ఆన్ చేసి ఇండికేటర్ వేసి, మీటర్ ఒక పిన్ను ఎర్ర వైరు మీద, ఇంకోటి నల్ల వైరు మీద పెట్టండి. స్విచ్చి బాగుంటే దాదాపు సున్నా, 0.2 లోపు చూపిస్తుంది. అర వోల్టు దాటిందంటే లోపల కాంటాక్టులు కాలిపోయి మధ్యలో కరెంటు మింగేస్తున్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే ఏమీ తెలీదు, ఏదో ఒకటి వెలుగుతూ ఉండాలి. మీటర్ లేకపోతే పాత ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టుకుని అదే టెస్టర్‌గా వాడొచ్చు, బల్బు మసకగా వెలిగినా కథ అర్థమవుతుంది.

ఇంకొక్కటి. స్విచ్చి మీద నేరం మోపే ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా తిప్పండి. ఒక పక్కకి తిప్పినప్పుడే ఇంజిన్ ఆగుతుంటే లేదా లైటు పోతుంటే పాడైంది స్విచ్చి కాదు, మెడ దగ్గర వైరు. ఇంజిన్ ఆగుతుంటే నలుపు తెలుపు వైరు అక్కడ ఒరుసుకుని ఫ్రేముకి తాకుతున్నట్టు, లైటు పోతుంటే ఇరవై ఏళ్లుగా హ్యాండిల్ తిప్పీ తిప్పీ పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తీగలు తెగినట్టు. తెగిన వైరుని పట్టుకుని మెల్లగా లాగితే ఆ చోట రబ్బరులా సాగుతుంది. అక్కడ కోసి కొత్త ముక్క అతికితే సరిపోతుంది, స్విచ్చి కొనక్కర్లేదు.

కొనే ముందు ఒకసారి విప్పి చూడండి

స్విచ్చి పోయిందని తేలింది. ఫ్యూజ్ తీసేయండి, లేదా బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి, ఎందుకంటే ఆ ఎర్ర వైరు తాళం ఆఫ్‌లో ఉన్నా నిప్పే, ఫ్రేముకి తాకితే ఫ్యూజ్ ఎగిరిపోతుంది. స్విచ్చి కింద రెండు బోల్టులతో బిగించి ఉంటుంది, కొన్నిటికి బండి స్పీడోమీటర్‌ని కాస్త వదులు చేస్తే గానీ స్పానర్ అందదు. ఎవరో ఎప్పుడో తల అరగదీసి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. కొన్ని బండ్లకి హ్యాండిల్ లాక్ కూడా ఇగ్నిషన్‌తోనే కలిసి ఉంటుంది, వాటికి మామూలు స్పానర్‌కి లొంగని నున్నటి తల బోల్టులు పెడతారు, దొంగల కోసం. అవి ఉంటే ఇంట్లో సుత్తితో కుస్తీ పట్టకుండా లేత్ పని తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

స్విచ్చి చేతికొచ్చాక దాని అడుగున ఉన్న ప్లాస్టిక్ బిళ్ల చూడండి. వైర్లన్నీ దాంట్లోంచే వస్తాయి. హోండా తరహా స్విచ్చుల్లో చాలా వాటికి ఈ బిళ్ల చిన్న గొళ్లేలతో పట్టుకుని ఉంటుంది. తాళాన్ని ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్యలో నిలిపి, సన్న స్క్రూడ్రైవర్‌తో గొళ్లేలని ఒక్కొక్కటే లోపలికి నొక్కితే బిళ్ల ఊడొస్తుంది. తెల్ల గుడ్డ పరుచుకుని దాని మీద చేయండి, చిన్న స్ప్రింగు ఎగిరి మంచం కిందకి పోయిందంటే ఆ రోజు పని అక్కడితో సరి. లోపల నల్లటి జిడ్డు, పచ్చటి తుప్పు, ఇరవై ఏళ్ల దుమ్ము ఉంటాయి. నా దాంట్లో నీటి చుక్కలు కూడా ఉన్నాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. గరుకు కాగితం పెట్టి రుద్దొద్దు, పైపూత పోతే ఆరు నెలల్లో మళ్లీ ఇదే పని. రాగి బిళ్లలు మెరుస్తుంటే, గుంటలు పడకుండా ఉంటే, కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి మళ్లీ మూసేసి మీటర్‌తో చూడండి, సగం సందర్భాల్లో కొత్తది కొనే పని తప్పుతుందని నా నమ్మకం. ప్లాస్టిక్ కరిగి ఉంటే మాత్రం శుభ్రం చేయడం దండగ.

కొత్తది కొనేటప్పుడు రెండు దారులు. ఇగ్నిషన్ ఒక్కటే కొంటే డబ్బు తక్కువ, కానీ ఇక మీదట జేబులో రెండు తాళాలు, ఒకటి స్టార్ట్ చేయడానికి, ఇంకోటి ట్యాంకుకీ సైడ్ కవర్‌కీ. లాక్ సెట్టు మొత్తం కొంటే అన్నిటికీ ఒకటే తాళం, డబ్బు ఎక్కువ, పని కూడా ఎక్కువ. నేను మూడో దారి పట్టాను: అదే మోడల్ స్విచ్చి కొని, దాని అడుగు బిళ్లని వైర్లతో సహా ఊడదీసి పాత లాక్‌కి తగిలించాను. సరిగ్గా కూర్చుంది, పాత తాళమే పనిచేస్తోంది. లాక్ అరగకుండా కరెంటు భాగం ఒక్కటే పోయినవాళ్లకే ఇది కుదురుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు పుత్లీబౌలి వైపు వెళ్తే ఇలాంటి పాత బండ్ల సామాన్లు దొరుకుతాయి. ఎక్కడికి వెళ్లినా పాత స్విచ్చి చేతిలో పట్టుకెళ్లండి, "స్ప్లెండర్‌ది" అంటే చాలదు, సాకెట్ ఆకారం, వైరు పొడవు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

బయటి కంపెనీ స్విచ్చిలో వైర్ల రంగులు మారొచ్చు. భయం లేదు, మీటర్ ఉంది. ఆఫ్‌లో బీప్ కొట్టే జత నలుపు తెలుపు-పచ్చలకి, ఆన్‌లో బీప్ కొట్టే జత ఎరుపు-నలుపులకి. జతలో ఏది ఎటు పెట్టినా ఫర్వాలేదు, జతలు కలిసిపోకూడదు అంతే. ఎర్ర వైరు పొరపాటున నలుపు తెలుపు వైరుకి కలిసిందంటే బ్యాటరీ కరెంటు సీడీఐ మీదకి వెళ్తుంది, కాబట్టి ఇక్కడ మాత్రం రెండుసార్లు చూసుకోండి.

బోల్టులు బిగించే ముందే సాకెట్ కలిపి, ఫ్యూజ్ పెట్టి పరీక్షించండి. తాళం ఆన్ చేస్తే న్యూట్రల్ లైటు, హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు. కిక్కు కొడితే స్టార్టవ్వాలి. ఆఫ్ చేస్తే వెంటనే ఆగాలి. అన్నీ అయ్యాక బిగించి, వైర్లని పాత దారిలోనే పోనిచ్చి, హ్యాండిల్ రెండు చివరలకీ తిప్పినప్పుడు ఎక్కడా బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచి కట్టండి. హెడ్‌లైట్ మూసేటప్పుడు అంచుకింద వైరు నలగకుండా చూడండి, అక్కడ నలిగిన వైరు వల్ల మళ్లీ మొదటికొచ్చినవాళ్లని చూశాను.

ఫ్యూజ్ పోతే అదే ఆంపియర్ ఫ్యూజ్ వేయండి. సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. అలాంటి బండిలో ఆ ఎర్ర వైరు ఎప్పుడైనా ఫ్రేముకి తాకితే ఫ్యూజ్ కాలదు, వైరింగే కాలుతుంది, అదీ పెట్రోల్ ట్యాంకు కింద.

దారి మధ్యలో ఆగిపోతే

రాత్రి, వాన, ఊరికి ఇంకా పది కిలోమీటర్లు, చేతిలో మీటర్ లేదు. సాకెట్ ఊడదీసి కిక్కు కొట్టి ఇంటికి వచ్చేయండి. హెడ్‌లైట్ వస్తుంది, హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు రావు, కాబట్టి వెనకవాళ్లకి మీరు ఆగుతున్నట్టు తెలీదు, మెల్లగా పక్కన రండి. ఊడదీసిన సాకెట్ చివర ఫ్రేముకి తాకకుండా ఏ ప్లాస్టిక్ కవరో చుట్టండి. ఇంటికి చేరాక తాళంతో ఇంజిన్ ఆగదు. బ్రేకులు రెండూ గట్టిగా పట్టి, టాప్ గేర్‌లో పెట్టి క్లచ్ మెల్లగా వదిలితే గుడగుడమని ఆగిపోతుంది.

ఇక తాళం గుత్తి. ఇంటి తాళాలు, బీరువా తాళం, షాపు షట్టర్ తాళం, తిరుపతిలో కొన్న ఇత్తడి బొమ్మ, అన్నీ కలిపి ఇగ్నిషన్‌కి వేలాడదీస్తే ప్రతి గుంతకీ ఆ బరువంతా లోపలి కాంటాక్టుల మీద ఊగుతుంది. ఇది ముసలమ్మల మాట కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 2014లో లక్షల కార్లు వెనక్కి పిలిచింది, షెవర్లే కోబాల్ట్ లాంటివి. వాటి ఇగ్నిషన్ స్విచ్చిలో తాళాన్ని ఆన్‌లో నిలిపే పట్టు బలహీనంగా ఉండి, బరువైన గుత్తి వేలాడినా మోకాలు తగిలినా నడుస్తుండగానే తాళం తిరిగిపోయి ఇంజిన్ ఆగేది, ఎయిర్‌బ్యాగులు కూడా తెరుచుకునేవి కావు. 124 మంది మరణాలకి ఆ కంపెనీ పరిహారం కట్టాల్సి వచ్చింది. మన బండికి ఎయిర్‌బ్యాగులు లేవు గానీ లారీ ముందు ఇంజిన్ ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒక్క తాళం, ఒక్క రింగు చాలు.

తాళం బిగుసుకుపోతోందని కొబ్బరి నూనె, ఇంజిన్ ఆయిల్ పోయకండి, వాటికి దుమ్ము పట్టి ఏడాదిలో గట్టి ముద్దవుతుంది. పెన్సిల్ ములుకు పొడి తాళం చెవికి రాసి నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి, అది చాలు. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు తాళం రంధ్రం మీద ఒక టేపు ముక్క అంటించి, మీటర్ వైపు నీళ్లు గట్టిగా కొట్టొద్దని చెప్పండి. వాళ్లు వినరు, పక్కనే నిలబడండి.